గోడవైపు తిరిగిన అక్షరాలు

మొన్న సూర్యాపేటలో ఒక కళ్ళద్దాల దుకాణంలో, కంటి పరీక్షకు వాడే ఇనుప ఫ్రేమును నా ముక్కుమీద పెట్టారు. చల్లగా ఉంది, కొంచెం బరువుగానూ ఉంది. అద్దం బిళ్ళ ఒకటి దాని గాడిలో పడి టక్‌మంది. ఆ చిన్న చప్పుడుకే బయటి బస్సుల హారన్లు, ఫ్యాను రొద అన్నీ ఎటో దూరం జరిగిపోయాయి. వేపసబ్బు వాసన వచ్చినట్టనిపించింది. ఆ దుకాణంలో వేపసబ్బు లేదు. అది ఏడేళ్ళ వెనక మిర్యాలగూడలో, రాహేలమ్మ చేతుల దగ్గర ఉండేది.

రాహేలమ్మది కోదాడ. సర్కారు దవాఖానలో కంటి పరీక్షలు చేసి రిటైరయ్యాక మిర్యాలగూడలో చిన్న అద్దాల దుకాణం పెట్టుకుంది. పొట్టి మనిషి, తెల్లచీర. ఎవరు అబద్ధం చెప్పినా చివరిదాకా ఓపిగ్గా వినే అలవాటు. నేనేమో రైసుమిల్లులో సూపర్‌వైజరును, కోతలు కోయడంలో పేరు మోసినవాణ్ణి. ఒక చీమ బియ్యం బస్తాను తుంగతుర్తి దాకా మోసుకుపోయిందని నేను చెబితే, అది ఎర్రచీమా నల్లచీమా అని అడిగే హమాలీలున్నారు మా మిల్లులో. మా ఇద్దరికీ పొత్తు కుదరడానికి కారణం నా బిడ్డ చందన. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. దూరపుచూపు మసక. ఆరునెలలకోసారి పరీక్షకు పోతే, పోయినప్పుడల్లా నంబరు పెరిగేది. రాహేలమ్మ పాత బిళ్ళ తీసి కొత్తది వేసిన ప్రతిసారీ ఆ టక్ చప్పుడు నా గుండెలోనే మోగేది.

అద్దాలు పెట్టుకోబట్టే నంబరు పెరుగుతుందని మా ఇంట్లో అందరి నమ్మకం, నాతో సహా. ఆ మాట ఆమెతో అంటే నవ్వలేదు, కోప్పడలేదు. "పిల్ల పాదం పెరిగిందని చెప్పులు మారుస్తవు. చెప్పుల వల్లనే పాదం పెరిగిందంటవా సోమయ్యా?" అంది. తర్వాత కాగితం మీద గుండ్రంగా ఒక కన్ను గీసి, దాన్ని వెనక్కి సాగదీసింది. "గీ వయసుల కన్ను సొరకాయ లెక్క పొడుగు సాగుతది. సాగినకొద్ది దూరం మసకైతది. సాగుడు మెల్లగ చెయ్యొచ్చు గని, సాగింది ఎనుకకు రాదు." నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. కానీ లోపల వేరే లెక్క నడుస్తోంది. నంబరు కాగితం మీదికి ఎక్కకపోతే అసలు పెరగనట్టే కదా! కథలు అల్లేవాడి బుర్రకు అది గొప్ప ఉపాయంగా తోచింది.

గోడకు వేలాడే అక్షరాల పటాన్ని ఆమె చూడకుండా ఫోనులో ఫోటో తీశాను. బడికి దింపేటప్పుడు బండిమీద చందనకు పాటలా నేర్పాను. పైవరుస నుంచి అన్నిటికంటే చిన్న వరుస దాకా, రాగం తీసి మరీ. తర్వాతి పరీక్షలో పిల్ల గడగడా చదివేసింది. నంబరు పెరగలేదని ఆమె రాసింది. ఆ రోజు నేను దారిపొడవునా ఈల వేశాను.

ఆరునెలల తర్వాత మళ్ళీ వెళ్ళాం. చందన కుర్చీలో కూర్చుంది. ఒక కన్ను మూసుకుని, రాగం కాస్త దాచి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా అప్పజెప్పింది. రాహేలమ్మ మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అయిపోయాక మెల్లగా అంది.

"మంచిగ చదివినవ్ బిడ్డా. గని నువ్వు చదివిన అక్షరాలు గోడ దిక్కున్నయి. నేను పటం తిప్పి పెట్టిన. ఇటు దిక్కు వేరేవి ఉన్నయి."

చందన నా వైపు చూసింది. కళ్ళు చికిలించి చూసింది. నాలుగడుగుల దూరంలో ఉన్న నా ముఖంలో ఏముందో దానికి తెలియడం లేదని నాకప్పుడు అర్థమైంది. "నాన్నా, నాకు బోర్డు గూడ కనిపిస్తలేదు. పక్కన కూసునే మానసను అడిగి రాసుకుంటున్న. నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే" అంది.

రాహేలమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఆమె పూర్తి నంబరుకు అద్దాలు రాసింది. కన్ను సాగడం నెమ్మదించే చుక్కల మందు గురించి అడగమని కంటి డాక్టరు దగ్గరికి పంపింది. చివర్లో నన్ను బయటికి పిలిచింది. "పిల్లతోటి అబద్ధం చెప్పిచ్చినవ్. ఇగ నీ అబద్ధాలే మందుగ వాడు. రోజు పొద్దుండంగ రెండు గంటలు దీన్ని బయటికి తోల్కపో. ఫోను వద్దు, పుస్తకం వద్దు. దూరం సూడాలె. కథలు నువ్వెట్లనూ చెప్తవు, గవి జర ఎండల చెప్పు."

అట్లా మొదలైంది. మిల్లు వెనక ఉడకబెట్టిన వడ్లు ఆరబోసే పెద్ద కల్లం ఉంది. సాయంత్రాలు ఆ వడ్ల ఆవిరి పల్చగా పాకుతుంటే ప్రపంచమే నిద్రలో ఉన్నట్టుండేది. గట్టు మీద కూర్చుని నేను దూరానికి వేలు చూపించేవాణ్ణి. పెద్దవూర వైపు కొండలు పొద్దు వాలే ముందు సాగర్‌లో నీళ్ళు తాగడానికి నడిచిపోతాయనీ, అందుకే అవి నీలంగా కరిగిపోతాయనీ చెప్పేవాణ్ణి. మా పొగగొట్టం మబ్బుల్ని లోపలికి పీల్చి, పాలిష్ పట్టి, తెల్లగా బయటికి వదులుతుందనేవాణ్ణి. చందన కొత్త అద్దాల్లోంచి వాటిని వెతుక్కుంటూ పరుగెత్తేది. నేను వెనక నడిచేవాణ్ణి.

ఒక ఆదివారం ప్రార్థన ముగించుకుని రాహేలమ్మ కల్లానికి వచ్చింది. నా కథ కాసేపు విన్నాక, ఎప్పుడూ నిజం తప్ప మాట్లాడని ఆ మనిషి దూరంగా వాలిన కొంగల్ని చూపించింది. "గా మూడో కొంగకు అద్దాలున్నయి. నేనే ఇచ్చిన" అంది. చందన ఎగిరి గంతేసింది. "యాడ అమ్మమ్మా? కనిపిస్తలేదు!" "ఇంకా దూరం సూడు, ఇంకా." ముగ్గురం చీకటి పడేదాకా ఆ కొంగనే చూశాం. ఇప్పటికీ అది అద్దాలు సర్దుకున్నట్టే నాకు గుర్తు.

ఏడాదికి పరీక్ష చేస్తే నంబరు కొంచెం పెరిగింది. నా ముఖం చూసి రాహేలమ్మ, "ఆగమంగనే ఆగెతందుకు గది ఆర్టీసీ బస్సా? ఉరికేది నడుస్తున్నది. సంతోషపడు" అంది. ఆ తర్వాత కూడా అది నడిచింది, అంతకంతకూ నెమ్మదిగా. రాహేలమ్మ దుకాణం మూసి కోదాడలో అక్క దగ్గరికి వెళ్ళిపోయింది. పోయిన వానకాలం చనిపోయింది.

సూర్యాపేట దుకాణంలో అమ్మాయి నా ఒక కన్ను మూసి, "చదవండి అంకుల్" అంది. ఎదురుగా వేలాడుతున్నది అదే పటం. పైనుంచి కిందిదాకా రాగంతో సహా నాకు కంఠతా వచ్చు. పాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"నాలుగో వరుస నుంచి కనిపిస్తలేదమ్మా" అన్నాను.

వెనక కుర్చీలో చందన, ఇప్పుడు తొమ్మిదో తరగతి, అద్దాలు సర్దుకుని అనుమానంగా ముందుకు వంగింది. "నాన్నా, ఇది నిజమేనా?"

"గీ కుర్చీల కూసుంటె నిజమే బిడ్డా" అన్నాను. అమ్మాయి ఇంకో బిళ్ళ వేసింది. టక్‌మంది.