కాగితం మొగుడు, కట్టుకున్న మొగుడు

ఆ కొరియా సీరియల్ మా పాప పంపింది. తిరుపతిలో నర్సింగు చదువుతోంది, హాస్టల్లో పిల్లలంతా అదే చూస్తున్నారట. "నువ్వు కూడా చూడుమా, అచ్చం నీ కథే" అంది. నా కథ కొరియావాళ్ళకు ఎవరు చేరవేశారో చూద్దామని మొదలుపెట్టాను. అప్పట్లో దోహాలో, అబూ హమూర్‌లో నేను పనిచేసిన ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకునేవాళ్ళు. అప్పుడు నాకు ఇస్త్రీ పని. ఫోన్ని నీళ్ళ సీసాకి ఆనించి పెట్టుకుని, సార్ తొడుక్కునే పొడుగాటి తెల్ల అంగీలు, థోబుల మడతలు తీస్తూ చూసేదాన్ని. కొరియా అత్తగారు విజయవాడ తెలుగులో కోడల్ని తిడుతుంటే మొదట్లో నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

కథేమిటంటే, ఒకామె మొగుడి హోటల్లో వండి వండి చేతులు కాల్చుకుంటుంది. ఆ మొగుడు ఆమె స్నేహితురాలితోనే కలిసి, ఆమెను పడవలోంచి సముద్రంలోకి తోసేస్తాడు. చచ్చిపోయి కళ్ళు తెరిస్తే, తన పెళ్ళిరోజు పొద్దున అద్దం ముందు కూర్చుని ఉంటుంది. రెండో అవకాశం దొరికిందన్నమాట. పెళ్ళిబట్టల్లోనే బయటికి నడిచి, మొగుడికి బద్ధశత్రువైన ఇంకో పెద్ద హోటలాయన దగ్గరికి పోయి, ఏడాదిపాటు కాగితం మీద పెళ్ళి చేసుకుందాం, ముట్టుకునేది లేదు అంటుంది. నీ పేరు నాకు కావాలి, నా వంట నీకు కావాలి అంటుంది. ఆయన సరేనంటాడు. అక్కణ్ణించి పాత మొగుడి పని పట్టడమే.

నాకు ఒళ్ళు మండింది సరిగ్గా అక్కడే. రెండో అవకాశం కావాలంటే ఆడది చావాలా? మగవాడికైతే ఫోన్ చేసి నాలుగు మాటలు ఏడిస్తే సరిపోతుంది. ఇంకొకటి, ఆ కాగితం మొగుడు ఉండేది లిఫ్టున్న ఇంట్లో. చొక్కా నలగదు, కోపం రాదు, వానొస్తే గొడుగు పడతాడు. కాగితం మొగుడు ఎలా ఉంటాడో నాకు తెలుసు. నాకూ ఒకడున్నాడు.

మావైపు, కడప జిల్లాలో, గల్ఫ్ అంతటినీ కువైటనే అంటారు. నేను వచ్చింది కతార్‌కైనా ఇప్పటికీ ఊళ్ళో కువైటుకు పోయిన మనిషినే. ఇక్కడి ఇళ్ళలో చాలామంది మొగుడూ పెళ్ళాలనే పనికి అడుగుతారు. మొగుడు కారు తోలాలి, పెళ్ళాం వంట చెయ్యాలి. ఆడమనిషి ఒంటరిగా ఉందన్న బెంగ వాళ్ళకుండదు, ఇద్దరికీ కలిపి ఒకటే గది ఇస్తే సరిపోతుంది. దానితో ఏజెంట్లు జతలు కలపడం నేర్చుకున్నారు. నిజం జత దొరక్కపోతే దొరికినవాళ్ళనే జత చేస్తారు. అలా నాకు దొరికాడు మా డ్రైవరన్న. చిట్వేలు వైపు మనిషి, నాకంటే బాగా పెద్దవాడు. ఊళ్ళో ఆయనకు భార్య ఉంది, ఎదిగిన పిల్లలున్నారు.

కాగితాలకు పెళ్ళి ఫోటో కావాలన్నారు. రాజంపేటలో ఒక స్టూడియోకు పోయాం. దండలు తెచ్చింది డ్రైవరన్న భార్యే. నా చీర కుచ్చిళ్ళు ఆమే సర్దింది. నవ్వు మొహం పెట్టమని మొగుణ్ణి కసిరింది కూడా. ఫోటో అయ్యాక దండలు రెండూ మడిచి సంచిలో పెట్టుకుంటూ నాతో అంది, "ఆయప్ప బీపీ మాత్రలు మర్చిపోతాడు పాపా. నువ్వే గుర్తు చేయల్ల. నీకు తోడుగా పంపిస్తాండా, నాకు తోడుగా నువ్వు చూసుకో." ఆ పెళ్ళికి పెద్ద ముత్తైదువ ఆమే. నా అసలు పెళ్ళిలో కూడా నాతో అంత నమ్మకంగా ఎవరూ మాట్లాడలేదు.

నా మెడలో తాళి మాత్రం అసలు మొగుడు కట్టిందే. వాడు అప్పటికే నన్ను వదిలేసి, నాతోపాటు మిషను కుట్టిన నా స్నేహితురాలి ఇంట్లో కాపురం పెట్టాడు. విడాకులిస్తే ఆస్తి అడుగుతానని విడాకులివ్వలేదు. తాళి తీసేద్దామనుకున్నాను. తీస్తే పనికి పెట్టుకునే ఇంటి మేడం వాళ్ళకు అనుమానమొస్తుందని ఏజెంటు వద్దన్నాడు. కతార్ వచ్చిన కొత్తలో మేడం ఆ తాళిని వేళ్ళతో పట్టుకుని చూసి, ఇంత భక్తి ఉన్న భార్య దొరికింది, నీ అదృష్టమని డ్రైవరన్నకు చెప్పింది. ఆయన తల దించుకున్నాడు. ఒకడు కట్టిన తాడు, ఒకడి పేరు మీద కాగితం, మధ్యలో నా తలకాయ.

మాకిచ్చిన గది వంటిల్లు వెనకాల ఉంది. మొదటి రోజే డ్రైవరన్న తన పరుపు చుట్టుకుని ఇస్త్రీ గదిలోకి పోయాడు. గురక పెడతాను, ఆమెకు నిద్రుండదు అని మేడంకు చెప్పాడు. ఆ గదికి ఏసీ లేదు. జులై నెలలో ఇస్త్రీ పెట్టె పక్కన మనిషి ఎలా పడుకుంటాడో, పడుకున్నవాడికే తెలియాలి. మేడం మాత్రం నన్నే కూర్చోబెట్టి, మొగుడు గదిలోకి రాకుండా పోట్లాడకూడదు, మంచి భార్య సర్దుకుపోవాలని బుద్ధులు చెప్పేది. నేను పళ్ళు బిగించుకుని తలూపేదాన్ని. సంసారం సరిగా చేయని పెళ్ళాంగా నాకు రెండు దేశాల్లోనూ పేరొచ్చింది.

ఊళ్ళో నా మొగుడు ఊరుకున్నాడా? నేను విమానమెక్కిన వారానికే టీ అంగడి దగ్గర నిలబడి, అది ఎవడితోనో ఒకే గదిలో ఉంటోందట, అందుకే పోయింది అని అందరికీ వినబడేలా చెప్పాడట. ఆ మాట బడిలో మా పాప చెవిన పడింది. అప్పుడు దానికి పదేళ్ళు కూడా లేవు. వాడు ఇంకో ఆడదాని ఇంట్లో ఉంటే మగవాడు, తిరుగుతాడులే అన్నారు. నేను అన్న వరసైనవాడికి గదిలో చోటు కూడా ఇవ్వకుండా, మాత్రలు గుర్తు చేస్తూ బతికితే దానికి పెట్టిన పేరు వేరు. ఆ మాటలన్నవాళ్ళ మొహాలు ఇప్పటికీ ఒక్కొక్కటీ గుర్తున్నాయి నాకు. క్షమించడం మంచిదంటారు, ఎవరికి మంచిదో చెప్పరు.

ఇలా ఏళ్ళు గడిచాయి. పాప నర్సింగులో చేరింది. దాని చదువు సగంలో ఉండగా డ్రైవరన్న చూపు మందగించింది. లైసెన్సు రెన్యువల్ చేయించడానికి పోతే కళ్ళ పరీక్షలో తప్పాడు. సార్ మర్యాదగానే చెప్పాడు, ఇంక ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో అని. ఆ సాయంత్రం మేడం నన్ను పిలిచింది. అరబ్బీ, హిందీ కలిపి ఆమె చెప్పిందేమిటంటే, మొగుడు పోతుంటే పెళ్ళాం ఎలా ఉంటుంది, నువ్వూ పోవాల్సిందే. నేను కాళ్ళా వేళ్ళా పడ్డాను. పాప చదువు సగంలో ఉంది, ఇప్పుడు పోతే అది ఆగిపోతుందన్నాను. ఆమె, అయితే నీ అన్ననో తమ్ముణ్ణో డ్రైవరుగా పిలిపించు, రక్తసంబంధమున్న మగవాడు ఉంటే నిన్ను ఉంచుకుంటాను అంది.

నాకు అన్నా లేడు, తమ్ముడూ లేడు. మా అమ్మకు నేనొక్కదాన్నే.

ఈ సంగతి పాపతో చెప్పుకుని ఏడ్చాను. చెప్పకుండా ఉండాల్సింది. అది బెంగతో వాళ్ళ నాన్నకు చెప్పింది. ఎందుకంటే ఈ మధ్య ఆయన తిరుపతికి వచ్చి దాన్ని చూస్తున్నాడట, పండ్లు తెచ్చిస్తున్నాడట. నా స్నేహితురాలు ఆయన్ని బయటికి తోసేసిందట. లారీ తోలుతూ లారీలోనే పడుకుంటున్నాడట. "నాన్న మారిపోయినాడుమా" అని పాప రోజూ మొదలుపెట్టింది. ఆయనకు లైసెన్సుంది, నీకు మగమనిషి కావల్ల, మళ్ళీ అందరం ఒకటవుతాం అంటుంది. నేను కస్సుమంటే, "పోనీ ఆ సీరియల్లోలాగా కళ్ళముందే పెట్టుకుని ఏడిపియ్యి" అని నవ్వించబోయింది.

నాకు నవ్వు రాలేదు. అప్పుడే ఆ సీరియల్ మీద నా కోపమేమిటో నాకు తెలిసింది. చచ్చి బతికొచ్చిన మనిషి, ఆ రెండో బతుకంతా ఎవరి కోసం ఖర్చుపెట్టింది? తోసేసినవాడి కోసమే. వాడు ఏం తింటున్నాడు, ఎవరితో ఉన్నాడు, ఎప్పుడు ఏడుస్తాడు, ఇదే లెక్క. పగ తీర్చుకోవాలంటే ఆ మొహాన్నే రోజూ చూడాలి. రెండు జన్మలూ ఒకే మొహం చూస్తూ బతకడానికి దేవుడు అంత కష్టపడి ఆమెను సముద్రంలోంచి లేపాలా?

అయినా పాప కోసం ఒక్కసారి వాడితో మాట్లాడతానన్నాను. శుక్రవారం పొద్దున పాపే ముగ్గుర్నీ ఒకే కాల్లో కలిపింది. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను, డ్రైవరన్న బయట కారు కడుగుతున్నాడు.

వాడు ముందు ఏడ్చాడు. ఆ ఏడుపు నాకు కొత్త కాదు. తప్పయిపోయింది, ఒక్క అవకాశం ఇవ్వు, నీ కాళ్ళ దగ్గర పడుంటాను అన్నాడు. పాప ముక్కు ఎగపీలుస్తోంది, నాకు వినబడుతోంది. నేను ఉన్నమాట చెప్పాను. ఇక్కడ కాగితాల్లో నేను ఇంకొకరి పెళ్ళాన్ని. మొగుడిగా నువ్వు రాలేవు. వాళ్ళకు కావాల్సింది నా అన్న. నా తోడబుట్టినవాడివని రాయించుకుని రావాలి. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నన్ను చెల్లెలనే పిలవాలి.

ఏమంటాడో అనుకున్నాను. తాళి కట్టినవాణ్ణి, నన్ను అన్ననంటావా అని అరుస్తాడనుకున్నాను. నిజం చెప్తున్నాను, అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. అరిస్తే కాస్తయినా మనిషనుకునేదాన్ని.

"దానికేముందిమే" అన్నాడు. ఏడుపు ఆగిపోయింది. "కాగితమే కదా. అన్నని రాయించు, తమ్ముడని రాయించు, నీ ఇష్టం."

గొంతు పెంచకుండానే అడిగాను. "ఆ గదిలో ఎవడితో ఉందో అని ఊరంతా చెప్తివే. పసిబిడ్డ బళ్ళో తల ఎత్తుకోలేకపోయింది. ఇప్పుడు ఆ గదికే వస్తావా?"

"అయ్యన్నీ ఇప్పుడేటికి? వీసా ఎన్నాళ్ళకొస్తాదో అది చెప్పు."

నేను ఏదో అనబోయాను. నోట్లోకి వచ్చిన మాటలు నేను ఎప్పుడూ ఎవర్నీ అననివి. అంతలో పాప అంది, "ఫోను పెట్టెయ్‌మా." దాని గొంతు నాకు కొత్తగా వినబడింది. "ఆయనతో నేను మాట్లాడతా. నువ్వు పెట్టెయ్."

పెట్టేశాను. పొయ్యి కట్టేసి, డ్రైవరన్న దగ్గరికి పోయి, మేడంకు నిజం చెప్పేస్తాను, నువ్వు నాతో రా అన్నాను. ఆయన గుడ్డ పిండి బకెట్ మీద ఆరేసి నాతో వచ్చాడు. ఈయన నా మొగుడు కాదు మేడం, నా అసలు మొగుడు నన్ను వదిలేశాడు, నేను మీకు అబద్ధం చెప్పి వచ్చాను అని నాకొచ్చిన అరబ్బీలో చెప్పాను. ఆమె మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఇన్నేళ్ళు నా ఉప్పు తిని ఇంత మోసమా అంది. డ్రైవరన్నను, అందుకేనా ఆ వేడిలో పడుకున్నావు అని అడిగింది. ఆయన ఔనన్నాడు. ఆమె కోపం అక్కడ కొంచెం తగ్గింది.

తగ్గాక ఆమె ఏమందో తెలుసా? అయితే ఇంకా మంచిదే కదా, అసలు మొగుడు ఉన్నాడంటున్నావు, వాడికి కారు తోలడం వచ్చా, వాడినే పిలిపించు, దేవుడు క్షమించేవాళ్ళను ఇష్టపడతాడు అంది. తిరుపతి నుంచి దోహా దాకా ఒక్కటే పాట. ఎవరికి డ్రైవరు కావాలన్నా, ఎవరికి నాన్న కావాలన్నా, ఎవరికి వీసా కావాలన్నా, క్షమించాల్సింది నేనే.

"నాకు పని కావాలి మేడం" అన్నాను. "మొగుడు వద్దు."

ఆ ఇంట్లో నేను వద్దన్న మొదటి మాట అదే. ఆమె మొహం తిప్పుకుని, మగదిక్కు లేని ఆడమనిషిని నా ఇంట్లో ఉంచుకోలేను, వేరే చోటు చూసుకో అంది. ఊరికి తిప్పి పంపకుండా వేరే చోటికి మారనిచ్చింది, అంతవరకు మంచిదే. డ్రైవరన్న ఊరెళ్ళిపోయాడు. ఆయన్ని ఎయిర్‌పోర్టులో దించి వచ్చింది కొత్త డ్రైవరు.

ఇప్పుడు నేను స్కూళ్ళూ ఆఫీసులూ శుభ్రం చేసే ఒక కంపెనీలో ఉన్నాను. గదికి ఆరుగురం. జీతం తగ్గింది, డ్యూటీ పెరిగింది, పాప చదువు ఆగలేదు. కోపం కూడా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం నాకు లేదు. చేరిన మొదటిరోజు సూపర్‌వైజరు, కేరళామె, హిందీలో అడిగింది, నీ మొగుడు ఇక్కడా, ఊళ్ళోనా అని. ఎక్కడా లేడన్నాను. ఆమె సరేనని తుడుపుకర్ర నా చేతికిచ్చి, పిల్లలు వచ్చేలోపు పై అంతస్తు అయిపోవాలి, యల్లా, కదులు అంది.