రౌండ్స్ అయ్యాకే సాంబ్రాణి

1978లో నన్ను విశాఖపట్నం వన్‌టౌన్‌లోని ఒక ప్రసూతి ఆసుపత్రికి అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. హార్బరు పక్కనే కావడంతో ఖనిజం ధూళి కిటికీ రెక్కల మీద ఎర్రగా పేరుకునేది. శుభ్రత విషయంలో నాకు చాదస్తం ఎక్కువని సిస్టర్లు చాటుగా నవ్వుకునేవారు. నవ్వుకోనిచ్చేదాన్ని.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో తగరపువలస నుంచి నూకరత్నం అనే అమ్మాయి తొలికాన్పుకు వచ్చింది. బిడ్డ సుఖంగానే పుట్టాడు కానీ మాయ పడలేదు. రక్తం ధారగా పోతోంది. ఆగే వీలు లేక, మత్తు ఇప్పించి, చెయ్యి లోపలికి పెట్టి మాయ తీశాను. గర్భసంచి గట్టిపడే ఇంజక్షన్ పడ్డాక రక్తం కట్టింది. నూకరత్నం తల్లి పైడమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

ఇంటివాళ్లకు గండం అక్కడితో గడిచినట్టే. మాకు రెండో గండం అప్పుడే మొదలవుతుంది. ఎంత కడిగి గ్లవ్స్ వేసుకున్నా, గర్భసంచిలోకి చెయ్యి వెళ్లిందంటే చీము పట్టే భయం ఉంటుంది. రక్తం పోయిన ఒంటికి తట్టుకునే శక్తీ తక్కువ. అందుకే పెన్సిలిన్ మొదలుపెట్టి, రోజూ జ్వరం చూసి, పొత్తికడుపు నొక్కి, బాలింత గుడ్డ వాసన చూసేవాళ్లం. లోపల చెడుతుంటే ఒక్కోసారి జ్వరం కంటే ముందే ఆ వాసన చెబుతుంది.

రెండు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత రౌండ్స్‌కు వెళ్తే మంచం చుట్టూ సాంబ్రాణి పొగ. గేటు ముందు టీకొట్టులో నిప్పులడిగి తెచ్చి వేసిందట పైడమ్మ. గుడ్డలు ఉతికి ఆరేసింది కూడా. థర్మామీటరులో కొద్దిగా జ్వరం కనిపించింది. పాలు పడుతున్నందుకో, లోపల చెడుతున్నందుకో తేల్చుకుందామంటే నా ముక్కుకు సాంబ్రాణి తప్ప ఏమీ తగల్లేదు. కోపం నెత్తికెక్కింది. పొగ ఎందుకు వేశావని, నాకు చూపించకుండా గుడ్డలు ఎందుకు ఉతికావని అడిగాను.

“ఏటి సెయ్యమంటారమ్మా, పచ్చి బాలింత. సలవ సేసేత్తాదని ఏసినాను. ఆ గుడ్డలు మీకెలాగ సూపెడతాను, సిగ్గు కాదా?” అంది.

మానెయ్యమంటే నా కళ్లుగప్పి వేస్తుంది. అందుకని బేరం పెట్టాను: పొగ వేసుకో, కానీ నా రౌండ్స్ అయ్యాక, నేను చూసేదాకా గుడ్డ ఉతకొద్దు. చీము పడితే పిల్ల ప్రాణానికే ముప్పని, బతికినా మళ్లీ కడుపు పండకపోవచ్చని మొహం మీదే చెప్పాను.

మర్నాడు వెలిగించని కుంపటి పక్కన పెట్టుకుని వరండాలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి, “డాక్టరమ్మా, నాను ముందే సూసినాను. నీసు కంపొత్తంది” అంది.

నిజమే. నొక్కితే కడుపు నొప్పి కూడా ఉంది. పెద్ద డాక్టరుగారితో మాట్లాడి వెంటనే మరో మందు కలిపాం. జ్వరం దిగింది, కంపు పోయింది. అమ్మాయి లేచి కూర్చుని ఆకలంటుంటే నాకు పండగలా అనిపించింది.

ఇంటికి వెళ్లేరోజు నేను రౌండ్స్ ముగించి గుమ్మం దాటకముందే పైడమ్మ, “ఇంక ఎయ్యనా అమ్మా?” అని అడిగింది. వెయ్యమన్నాను.

రక్తం కట్టడంతో పని అయిపోదని చదువుకునే వచ్చాను. మిగతా పని ఆ ఇంటి అలవాట్ల మధ్యనే చెయ్యాలని ఆ మంచం దగ్గర నేర్చుకున్నాను. రిటైరయ్యేదాకా నా వార్డులో సాంబ్రాణి ఎవరూ మానలేదు. రౌండ్స్ కాకముందు ఎవరూ వెయ్యలేదు.