ఫారో కూతురింటి పెళ్ళికొడుకు

మా అమ్మాయి పెళ్ళి చేయించిన పురోహితుడుగారు వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. అందుకేనేమో, ఆయన పంపిన ఆన్‌లైన్ ఫారంలో ప్రతి గడి పక్కనా ఎర్ర చుక్క ఉంది. ఒక్కటి ఖాళీగా వదిలినా ముందుకు కదలదు. గోత్రం, తండ్రి, తాత, ముత్తాత. అబ్బాయి గోత్రం సంగతి తేలిగ్గానే తేలింది, తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం ఉండనే ఉంది. తండ్రి పేరు దగ్గర ఫారం మొండికేసింది.

అబ్బాయి పుట్టకముందే ఆ తండ్రి వెళ్ళిపోయాడు, మళ్ళీ తొంగి చూడలేదు. తల్లి నర్సుగా పనిచేస్తూ, తన ఇంటిపేరే ఇచ్చి, ఒక్కతే పెంచింది. ఆవిడ ఎప్పుడో స్కాట్లాండ్ నుంచి ఈ దేశానికి వచ్చిన వాళ్ళ సంతతి. ఏటా గళ్ళ లంగా కట్టుకుని కొండల్లో జరిగే వాళ్ళ ఆటల పండక్కి వెళ్తుంది. నవ్విందంటే పక్క వీధికి వినిపిస్తుంది. అలాంటి మనిషి, చీర కొనడానికి నా కారులో వస్తూ, సీటు బెల్టు కొస నలుపుతూ చిన్న గొంతుతో అడిగింది: "పెళ్ళిలో అందరి ముందూ వాడి నాన్న పేరు అడుగుతారా?"

"అబ్బే, అలాంటిదేమీ లేదు" అనేశాను. పచ్చి అబద్ధం. మూడు తరాల మగవాళ్ళ పేర్లూ మైకులో మూడేసి సార్లు చదువుతారు.

ఆవిడ తేలికపడి, "మాకూ పెద్ద వంశమే ఉంది, తెలుసా? మేం ఈజిప్టు ఫారో కూతురి సంతానం!" అని పకపకా నవ్వింది. నాకు ఏదైనా పట్టుకుంటే పూనకమే అంటారు మావారు. మర్నాడే లైబ్రరీకి వెళ్ళి స్కాట్లాండ్ పాత చరిత్రల అనువాదాలు చంకనెత్తుకొచ్చాను. ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి చదివాను.

ఎంత కథ! ఫారో కూతురి పేరు స్కోటా. ఆమెను ఒక గ్రీకు రాజకుమారుడు పెళ్ళాడాడు. పారిపోతున్న బానిసల్ని తరుముతూ ఫారో సముద్రంలో మునిగిపోయాక వీళ్ళిద్దరూ ఈజిప్టు వదిలి, తిరిగి తిరిగి స్పెయిన్ చేరారు. వాళ్ళ వారసులు అక్కణ్ణుంచి ఐర్లండు, ఐర్లండు నుంచి స్కాట్లాండు, వెంట ఒక సింహాసనపు రాయి కూడా! స్కోటా పేరు మీదే ఆ జనానికి స్కాట్లని పేరట. ఆ మాట దగ్గర నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక జాతి మొత్తానికి ఆడమనిషి పేరు!

పరుగున వంటింట్లోకి వెళ్ళాను. కాకినాడ నుంచి ఆరు నెలలకని వచ్చిన మా అత్తగారు గోంగూర ఆకు తుంచుతున్నారు. మామగారి వంశం ఏడు తరాలు కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి. పెళ్ళిలో ఆవిడ మాట దాటి పురోహితుడుగారు కూడా ముందుకెళ్ళరు. ఊపిరి తీసుకోకుండా కథంతా చెప్పేశాను.

"మునిగిపోయిన ఫారోనా? అచ్చిరాని సంబంధమే అది" అన్నారు. "ఇంతకీ ఎవరు రాశారే ఇదంతా?"

"మఠాల్లో సన్యాసులు అత్తయ్యా. ఎన్నో వందల ఏళ్ళ తర్వాత."

"చూసొచ్చారా మరి?"

"లేదు. పక్క రాజ్యం వాళ్ళు మీరు మా కిందవాళ్ళే అంటుంటే, మేం మీకంటే పాతవాళ్ళమని చెప్పడానికి."

అత్తగారు ఆకు పక్కన పెట్టి ఒకటే నవ్వు. "మీ మావగారి ఏడు తరాల్లో పై మూడూ అలాంటివేనే! ఊళ్ళో వంశాలు చదివేవాడికి మా మావగారు శాలువా కప్పి, రెండు పూటలా పెసరట్లు పెట్టి చెప్పించారు."

నేను కౌంటర్ పట్టుకుని నవ్వాను, కళ్ళ నీళ్ళొచ్చేదాకా. ఆ ఊపులోనే ఇంకో ఘట్టమూ చెప్పాను. ఒక బాలరాజు పట్టాభిషేకంలో, ఎర్ర ఉత్తరీయం వేసుకున్న కొండప్రాంతపు ముసలాయన మోకాళ్ళ మీద కూచుని, ఫలానావాడి కొడుకు, వాడి తండ్రి ఫలానావాడు అంటూ స్కోటా మొగుడి దాకా చదివాడట. అచ్చం మన ప్రవర.

చివరికి అసలు సంగతి బయటపెట్టాను. "అబ్బాయి వైపు ఆడవాళ్ళ పేర్లు చదివిద్దాం అత్తయ్యా. తండ్రి పేరు అడిగితే వాళ్ళమ్మ అందరి ముందూ తల దించుకోవాలి. నాకు భయంగా ఉంది."

అత్తగారు గోంగూర కాడలు చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయారు. పురోహితుడుగారికి ఫోన్ చేస్తే, "శాస్త్రంలో అయితే లేదండీ. పెద్దావిడ ఓకే అంటే నాకేం ప్రాబ్లం లేదు" అన్నారు.

పెళ్ళిరోజు ఉదయానికి కూడా అత్తగారు ఏ సంగతీ తేల్చలేదు. ప్రవర ఘట్టం వచ్చింది. పురోహితుడుగారు ఆగి అత్తగారి వంక చూశారు. ఎదుటి వరసలో వియ్యపురాలు, నేను పెట్టిన కుచ్చిళ్ళు ఎక్కడ జారతాయోనని పట్టుకుని, హాయిగా నవ్వుతోంది.

అత్తగారు లేచారు. ఎర్ర గద్వాల చీర. మైకు అందుకుని, కాగితం చూడకుండా గడగడా మొదలెట్టారు. ఫలానా ఆవిడ మునిమనవడు, ఫలానా ఆవిడ మనవడు, ఫలానా ఆవిడ కొడుకు! పేర్లన్నీ కాకినాడ యాసలో స్కాట్లాండ్ ఆడవాళ్ళవి, అబ్బాయినడిగి కనుక్కున్నారట. చివర్లో "స్కోటాదేవి వంశోద్భవుడు" అని ముగించారు. వియ్యపురాలికి తెలుగు రాదు గానీ తన పేరు వినబడింది, తన తల్లి పేరు వినబడింది. రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టింది. హాలు హాలంతా కేక పెట్టింది.

తర్వాత మా వైపు మగవాళ్ళ పేర్లూ అత్తగారే చదివారు, అవి మామూలే. పురోహితుడుగారు మైకు కోసం చెయ్యి చాపారు.

"ఉండండి, అవలేదు" అన్నారు అత్తగారు.

మా అమ్మమ్మ పేరు చెప్పారు. మా అమ్మ పేరు చెప్పారు. తర్వాత నా పేరు. ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో లెక్కలేదు, ప్రవరలో పెళ్ళికూతురి తల్లి పేరు వినడం అదే మొదలు, అదీ నాదే. విజయవాడలో మా అక్కకి ఫోన్ చేసి కనుక్కున్నారట. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

అప్పుడు తట్టింది, అత్తగారి పేరు ఏ వరసలోనూ లేదని. మగవాళ్ళ వరసలో మామగారున్నారు, ఆడవాళ్ళ వరసలో మా పుట్టింటివాళ్ళు. ఇన్ని పేర్లు చదివిన మనిషి ఎక్కడా లేరు. మైకు లాక్కుని, "పెళ్ళికూతురి నానమ్మ" అంటూ ఆవిడ పేరు గట్టిగా చెప్పేశాను, మా ఇంటిపేరుతో సహా.

అత్తగారు నా చెవి దగ్గరకొచ్చారు. చిన్నపిల్లలా ముఖం వెలిగిపోతోంది.

"ఆ ఇంటిపేరు కాదే. మా పుట్టింటిది చెప్పు."

ముప్ఫై ఏళ్ళ నుంచి కోడలిని. మామగారి ఏడు తరాలూ నాకూ కంఠతా వచ్చు. ఆ ఒక్క పేరూ నేనెప్పుడూ అడగలేదు. మైకు ఆవిడ చేతిలోనే పెట్టాను.