ఆమె ఎక్కిన విమానం

ఎమ్మెస్సీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఆ ఫోటో వచ్చినప్పుడు నేను గాజువాకలో, మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని టిఫిన్ బాక్సు మూత తీస్తున్నాను. ఫోటోలో నా స్నేహితురాలు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, ఒంటి మీద నీలం జాకెట్, ఎదురుగా వరసగా కంప్యూటర్ తెరలు. వెనక ఒక గోడ, ఆ గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన భారీ యంత్రం. కింద ఒక్క ముక్క రాసింది. "మొత్తానికి ఎక్కేసాను."

గ్రూపులో అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. ఆ తర్వాత రోజంతా, క్లాసుకీ క్లాసుకీ మధ్య ఆ ఫోటో తీసి, వేళ్లతో పెద్దది చేసి, ఎక్కడైనా ఏదైనా లోపం కనబడుతుందేమోనని వెతికాను. మొహం కాస్త ఉబ్బినట్టుంది. ఆపాటి దానికే ప్రాణం కొంచెం కుదుటపడింది.

ఆమె ఎక్కింది మామూలు విమానం కాదు. పెద్ద ప్రయాణికుల విమానంలో సీట్లు చాలావరకు పీకేసి, తోక వైపు మనిషి కంటే ఎత్తయిన అద్దంతో ఒక టెలిస్కోపు అమర్చారు. మేఘాలన్నీ దాటి పైకి చేరాక విమానం పక్కన ఒక తలుపు తెరుచుకుంటుంది. టెలిస్కోపు అందులోంచి ఆకాశాన్ని చూస్తుంది. ఎందుకింత అవస్థంటే, పరారుణ కిరణాల కోసం, అంటే ఇన్‌ఫ్రారెడ్. కంటికి కనబడని ఆ వేడి వెలుగును మన గాలిలోని నీటి ఆవిరి నేలకు చేరకముందే మింగేస్తుంది. ఆవిరిని దాటి పైకి పోతే తప్ప దొరకదు. ఉతికిన చీర సాయంత్రానికి కూడా ఆరని విశాఖపట్నంలో పుట్టి పెరిగినదాన్ని, ఈ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.

ఈ నక్షత్రాల పిచ్చి మొదట నాది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఆమెది పెందుర్తి. విజయనగరం వైపు పల్లెలో సేద్యం చేసుకునే కుటుంబం, పిల్లల చదువుల కోసం ఊరు మారింది. యూనివర్సిటీలో మా ఇద్దరిదీ ఒకే బెంచీ. ఆమె ఎలక్ట్రానిక్స్ తీసుకుందామనుకుంటుంటే, ఖగోళశాస్త్రం తీసుకోమని బతిమాలింది నేను. చివరి ఏడాది ఇద్దరం ఒకే పరిశోధనా సంస్థకు దరఖాస్తు పెట్టాం. ఇద్దరినీ ఇంటర్వ్యూకి పిలిచారు. మార్కులు నాకే ఎక్కువ. సీటు ఆమెకు వచ్చింది.

నన్నెవరూ ఆపలేదు. మరుసటేడు మళ్లీ ప్రయత్నించమని మా నాన్నే అన్నాడు. నేనే లెక్చరర్ ఉద్యోగంలో చేరిపోయాను, పెళ్లి చేసుకున్నాను. ఇంట్లో ఎవరైనా వద్దని అడ్డుపడి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. కోపం పెట్టుకోవడానికి ఒక మనిషైనా దొరికేది.

ఆమె డాక్టరేట్ చేసి, జర్మనీ వెళ్లి, అక్కణ్ణుంచి ఆ విమానం మీద పనిచేసే బృందంలో చేరింది. నేను ఇక్కడ కూర్చుని ఆ విమానం గురించి దొరికిందల్లా చదివాను. పుండును గోక్కుంటున్నట్టే ఉండేది, అయినా మానలేకపోయాను. కొన్నేళ్లకు ఖర్చు ఎక్కువవుతోందని ఆ విమానాన్ని ఆపేశారు. ఆ వార్త చదివిన రోజు నాకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఎందుకో నాకు తెలుసు. ఆమెకు మాత్రం "చాలా బాధగా ఉంది" అని మెసేజ్ పెట్టాను.

ఆ తర్వాత ఒక వేసవి ముందు, చెల్లెలి గృహప్రవేశానికి ఆమె పెందుర్తి వచ్చింది. ఈ సంగతి మా ప్రిన్సిపాల్ చెవిన పడింది. "మీ ఫ్రెండే కదమ్మా, మన పిల్లలకి ఓ గంట మాట్లాడమనండి" అన్నాడు. సభకు పరిచయం చేయాల్సింది నేనే. ఆమె గొప్పతనాన్ని నా నోటితోనే, మైకు పట్టుకుని, వరసగా చదివాను.

ఇన్నేళ్లు బయట ఉండి భాష మారిపోయి ఉంటుందనుకున్నాను. అదైనా ఎత్తిచూపొచ్చని ఆశ. ఆమె మైకు అందుకుని, "ఏటర్రా పిల్లలూ, అందరూ తిన్నారా?" అనగానే హాలంతా ఒక్కసారి నవ్వింది. అంతే, ఇక పిల్లలు ఆమె సొత్తు.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, అంత ఎత్తులో తలుపు తీస్తే లోపలున్నోళ్లకి ఊపిరాడదు కదా?"

"బాగా అడిగావమ్మా. మాకూ టెలిస్కోపుకీ మద్దెన గట్టి గోడ ఉంటాది. అద్దం అటేపు సలిలో ఉంటాది, మేం ఇటేపు ఉంటాం. గోడకి కన్నం పెట్టి, దాంట్లోంచి టెలిస్కోపు తోక మా ఏపు వస్తాది. మా కెమెరాలన్నీ ఆ తోకకే కడతాం."

ఆ అమ్మాయి నా క్లాసులో ఏనాడూ నోరు తెరవలేదు. సభ అయ్యాక ఆమెతో సెల్ఫీ కోసం తోసుకుంటున్న గుంపులో ఆ పిల్లే ముందుంది.

మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో పొద్దుటి షిఫ్ట్ దిగి వచ్చాడు. స్నానం చేసి, ఎన్నడూ లేనిది, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నా స్నేహితురాలు నన్ను అక్కనంటుంది కాబట్టి ఆయనకు బావ వరస కలిపేసింది.

"ఇన్‌ఫ్రారెడ్ అంటున్నారు కదమ్మా" అన్నాడు ఆయన, చేపల పులుసు కలుపుకుంటూ. "మా దగ్గర కరిగిన ఉక్కు ఎంత వేడుందో ముట్టుకోకుండా దూరం నుంచే చూస్తామండి. అలాంటిదేనా?"

"అదే బావగోరూ! మీకాడ ఉక్కు, మాకాడ సుక్క. కొలిసేది వేడే."

ఆయన పొలమారేలా నవ్వాడు. ఆ తర్వాత ఒకటే ప్రశ్నలు. విమానం ఊగితే బొమ్మ చెదరదా, అద్దం పగలదా, లోపల ఎంతమంది ఉంటారు. పెళ్లయినప్పటి నుంచీ ఈ మనిషికి నేను ఆకాశం గురించి ఎన్నోసార్లు చెప్పబోయాను. "ఊఁ" అని టీవీ సౌండు పెంచేవాడు. ఆమె పళ్లెంలో మరో చేపముక్క వేశాను. పులుసు అంచు దాటి టేబుల్ మీద ఒలికింది.

ఆయన నిద్రకు వెళ్లాక మేమిద్దరం వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాం. ఆమె ఉన్నట్టుండి అంది. "మొన్న దాన్ని సూసొచ్చానే."

"దేన్ని?"

"మా విమానాన్ని. అమెరికాలో ఏదో ఎడారి ఊళ్లో, మ్యూజియంలో పెట్టారు. టికెట్టు తీసుకుని ఎల్లాను. తాడు కట్టేసి ఉంది, దగ్గరికి పోనియ్యలేదు. నాను దీన్లో పనిచేసానని అక్కడ గార్డుతో సెప్పాను. 'ఓహో' అన్నాడు. ఆ తలుపు మూసేసి ఉందే. ఎండలో..."

పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని సింకు ముందు నిలబడి ఏడ్చింది. ఇప్పుడు కార్ల కంపెనీకి కెమెరా లెన్సులు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నానని ఆ ఏడుపు మధ్యలోనే చెప్పింది. అది నాకు అప్పుడే తెలిసింది.

ఓదార్చాలి. వీపు మీద చెయ్యి వేశాను కూడా. కానీ ఆ క్షణంలో నాలో లేచింది జాలి కాదు. ఏడవడానికి దీనికి ఒక విమానం ఉంది, నాకేముంది అనిపించింది. పోగొట్టుకోవడంలో కూడా ఇదే నా కంటే పైన ఉంది. ఆ మాట గొంతు దాకా వచ్చి ఆగలేదు.

"నీ మీద నాకు చచ్చేంత ఏడుపే" అన్నాను. "ఆ మొదటి ఫోటో నుంచీ. ఇప్పుడు నువ్విలా ఏడుస్తుంటే కూడా."

ఆమె చెంగు తీసి నా మొహంలోకి చూసింది. నేననుకున్నాను, నొచ్చుకుంటుందని. లేకపోతే, నీకు ఇల్లుంది, సంసారముంది, నీదే నయం అంటూ పనికిరాని ఊరడింపు మొదలుపెడుతుందని. రెండూ కాలేదు.

"ఉండదేటి మరి?" అంది ముక్కు తుడుచుకుంటూ. "అంత బాగుంటాదే అది. నీ బదులు నాను ఇక్కడుండి, నువ్వు దాంట్లో ఎగిరుంటే, నాను కుళ్లి సచ్చేదాన్ని. నీతో మాటాడేదాన్నే కాదు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరం వంటింటి గట్టు పట్టుకుని, పక్కగదిలో మనిషి లేస్తాడేమోనని నోళ్లు మూసుకుని నవ్వాం.

"అయితే చెప్పు" అన్నాను. "ఒక్క ప్రయాణం, ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా. హాల్లో పిల్లలకి చెప్పినట్టు కాదు."

వంటింటి గచ్చు మీదే కూర్చుని చెప్పింది. టెలిస్కోపు విమానానికి ఎడమ వైపుకే చూడగలదట. అందుకని పైలట్ ఏ ఊరికి పోవాలో కాదు, ఏ నక్షత్రం ఎడమ పక్కన ఉండాలో చూసుకుని దారి వేస్తారట. ఒక నక్షత్రం పని అయిపోతే విమానం మలుపు తిరుగుతుంది, ఇంకో నక్షత్రం పక్కకు వస్తుంది. రాత్రంతా తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే దిగుతారు.

"గాలి కుదుపులొస్తే ఆ టెలిస్కోపు పైకీ కిందికీ ఊగుతున్నట్టు కనబడతాదే. మొదట్లో బయమేసింది. నిజానికి అది ఊగదు, నక్షత్రాన్ని పట్టుకుని కదలకుండా ఉంటాది. ఊగేది విమానం, దాంతో పాటు నాను."

కళ్లకు కట్టినట్టు కనబడింది. కడుపులో మంట తగ్గలేదు, ఇంకా ఎగదోసినట్టయింది. అయినా అడగడం ఆపలేదు. అద్దానికీ ఆకాశానికీ ఉండే సొంత వేడిని లెక్కలోంచి ఎలా తీసేస్తారని అడిగాను. ఆమె కళ్లు మెరిశాయి. "అబ్బ, ఈ మాట పొద్దున్నుంచీ ఒక్కరూ అడగలేదే" అని, పాత కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసి చూపించింది. పక్కనే ఏమీ లేని ఖాళీ ఆకాశాన్ని కూడా చూసి, అక్కడ కనబడిన వేడిని నక్షత్రం దగ్గర కనబడిన దాంట్లోంచి తీసేయాలట. సాయంత్రం టీ పెట్టే వేళదాకా అదే గొడవ.

వెళ్లే ముందు ఆటో కోసం నిలబడి ఉన్నప్పుడు అంది. ఆ విమానం పట్టుకొచ్చిన సమాచారం అంతా ఇంటర్నెట్‌లో ఉంది, ఎవరైనా దించుకోవచ్చు, ఇంకా ఎవరూ సరిగ్గా చూడనిది కుప్పలుగా పడుంది అని. "నువ్వు సూడకూడదేటి?" అని ఆటో ఎక్కేసింది.

ఒక నెల ఆ ఊసే ఎత్తలేదు. ఆమె చెప్పిందని చేయడం నామోషీ అనిపించింది. చివరికి ఒక ఆదివారం పొద్దున కూర్చున్నాను. ఫైళ్లు తెరవడం రావడానికే చాలా వారాలు పట్టింది. మృగశిర వైపు, కొత్త నక్షత్రాలు పుట్టే ఒక ధూళిమేఘాన్ని ఎంచుకున్నాను. ఫైలు మొదట్లో, ఆ ప్రయాణంలో పనిచేసినవాళ్ల పేర్లలో ఆమె పేరు కనబడింది. మింగుడుపడలేదు. ఆ భాగం కనబడకుండా తెర కిందికి జరిపి పని చేసుకున్నాను.

వేసవి సెలవులు ముగిసేలోపు నా మొదటి గ్రాఫు తయారైంది. మేఘం అంచు అనుకున్నదానికంటే చల్లగా ఉందని తేలింది. గర్వంగా ఆమెకు పంపాను. గంటలోపే ఫోన్ చేసింది.

"బాగుంది గానీ, తప్పు సేసావే. ఖాళీ ఆకాశం అనుకుని నువ్వు తీసేసిన సోట కూడా మేఘం ఉంది. పల్చగా ఉంది, నీకు కనబడలేదంతే."

"ఒక్కసారి చూసి ఎలా చెప్పగలవు?" అన్నాను, గొంతులో విసురు దాచకుండా.

"ఆ పొద్దు నాను విమానంలో ఉన్నాను కదే" అంది.

ఫోన్ పెట్టేశాను. ఆమె చెప్పింది తప్పని నిరూపించడానికి ఆ చోటును పెద్దది చేసి చూశాను. పల్చటి పొగలా, అక్కడ నిజంగానే మేఘం ఉంది. కాసేపు ఆమెను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. తర్వాత గ్రాఫు చెరిపేసి, మేఘం లేని ఆకాశం ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను.