ఉదయం విమానం

సామాను తూకం వేసే కౌంటర్లో మొదలైనవాడు ఒక చిన్న విమానాల కంపెనీకి ఉపాధ్యక్షుడయ్యాడంటే, కష్టపడి పైకొచ్చాడంటారు. కష్టపడ్డ మాట నిజమే. పైకి రావడానికి అదొక్కటే చాలదని మాత్రం ఆయనకు యాభై దాటాక తెలిసింది.

ఉద్యోగంలో ఆయన పట్టుబట్టి సాధించింది ఒకటే: పుట్టిన ఊరినుంచి మహానగరానికి ఉదయం విమానం. ఆస్పత్రికో కోర్టుకో వెళ్లినవాళ్లు సాయంత్రానికి ఇల్లు చేరేవారు. ఇంతలో కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులకు ఆ విమానం వేరే రూటులో కావాలి. రద్దు చేస్తే ఊరు గోల పెడుతుంది.

“గోల లేకుండా కానిచ్చెయ్యండి. ఎండీ కుర్చీ ఎలాగూ ఖాళీగానే ఉంది” అన్నాడు ఛైర్మన్, టీ చల్లార్చుకుంటూ.

గోల లేకుండా చంపే పద్ధతి ఆ వృత్తిలో అందరికీ తెలుసు. ఉదయం విమానాన్ని మధ్యాహ్నానికి జరిపితే సీట్లు వాటంతటవే ఖాళీ అవుతాయి. ఆ తర్వాత ప్రయాణికులు లేరని విచారం వెలిబుచ్చవచ్చు. ఆయన జరిపాడు. కుర్చీ ఎక్కాక మళ్లీ ఉదయానికి తెస్తానని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఇలాంటి పిరికితనానికి మనవాళ్లు లౌక్యమని ముద్దుపేరు పెట్టారు.

ఆ ఊళ్లోనే ఉండే బావ, అక్క భర్త, ఫోన్ చేశాడు. వారంవారం మహానగరంలో వైద్యం ఆయనకి.

“ఏమోయ్ బామ్మర్దీ! డాక్టరు చూసేది పొద్దున. మీ విమానం దిగేసరికి ఆయన భోంచేసి పడుకుంటాడు. నిద్రలో నాడి చూడమంటావా?”

“కొన్నాళ్లు ఓపిక పట్టు బావా, నేను సర్దేస్తాగా.”

“నాదేముందిలే, మీ అక్కకి చెప్పు. బస్సులో దారి పొడుగునా నా తల ఆవిడ ఒళ్లోనే.”

కుర్చీ వచ్చింది. దండలు వాడకముందే ఆయన షెడ్యూళ్లు చూసే ఆవిడని పిలిచి, ఆ విమానాన్ని మళ్లీ ఉదయానికి మార్చమన్నాడు.

“కుదరదు సార్. మహానగరంలో పొద్దున దిగడానికి మనకిచ్చిన టైము, ఆ స్లాట్, మనం వాడకుండా వదిలేశాం కదండీ. సీజన్ మారగానే ఎయిర్‌పోర్టువాళ్లు దాన్ని వేరే కంపెనీకిచ్చేశారు.”

“ముందే చెప్పొద్దూ?”

“మీకు చెప్పడమేంటి సార్? వాడని స్లాట్ పోతుందని మాకు నేర్పిందే మీరు.”

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. తలుపు వేసుకుని అక్కకు ఫోన్ చేశాడు.

“పొద్దున విమానం ఇక రాదక్కా. ఎవరో తీసేసుకున్నారు.”

“వాళ్లు నయంరా,” అంది అక్క. “మాకేం చుట్టాలు కారు.”