తీసేసిన హోరు

చిలకలూరిపేటలో పత్తి నుంచి గింజ తీసే జిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఒకాయనకు జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మేం తయారుచేసిన పరికరం ఆయనకు వినికిడి తెచ్చింది. ఆ వినికిడిని నమ్మి ఆయన మూడు వేళ్ళు పోగొట్టుకున్నాడు. నా ఉద్యోగం గురించి ఎక్కడ మొదలుపెట్టినా ఇక్కడికే వచ్చి ఆగుతాను, అందుకని ఇక్కడే మొదలుపెడుతున్నాను.

మాది అద్దంకి పక్క పల్లె. ఇంట్లో అందరూ మిరప, పత్తి చూసుకుంటుంటే నేను ఇంజనీరింగు చదివి చెవి పరికరాల పనిలో పడ్డాను. చెవి లోపల తీగ పెట్టే ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు. చెవి వెనక తగిలించుకునే చిన్న యంత్రం ఏ శబ్దాన్ని లోపలికి పంపాలో, దేన్ని ఆపాలో తేల్చేది మేము. ఒకే తీరున ఎడతెగకుండా వచ్చే హోరును ఏరిపారేసి, మాటను మాత్రం పంపే పద్ధతి నేను రాశాను. దాంతో నాకు కొమ్ములు మొలిచాయి. అందులో లోపముందని ఎవరైనా అంటే మీటింగులోంచి విసురుగా లేచిపోయేదాన్ని.

ఆపరేషన్ అయిన నెలకు ఆయనా భార్యా తాడేపల్లిలో మా ల్యాబుకు వచ్చారు. యంత్రం ఆన్ చేశాను.

"ఏవయ్యా, వినపడతందా?" అంది ఆమె.

ఆయన తలూపి ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని ఆయన అడిగింది ఒకటే.

"అమ్మా, నన్ను గేటు కాపలాకి వేశారు. మళ్ళీ రోలర్ల కాడికి పోవాల. మిషను సద్దు వినపడుద్దా?"

"ఆ రొద మీకెందుకు బాబాయ్? దాన్ని తీసెయ్యడానికే నాలుగేళ్ళు కష్టపడ్డాను."

"అది కాదమ్మా, మాకు దాంతో పనుంటది."

"పెద్ద సద్దయితే కాస్త వినపడుతుందిలెండి. ముందు మాటలు వినండి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఏం పని అని ఒక్క ముక్క అడిగితే నా సొమ్మేం పోయేది? ఆయన దణ్ణం పెట్టి వెళ్ళాడు.

రెండు నెలలకు, ఆయన మళ్ళీ రోలర్ల దగ్గర పనిలో చేరాడనీ, చేయి వాటిలో పడి మూడు వేళ్ళు పోయాయనీ కబురొచ్చింది. నేను నేరుగా మిల్లుకు వెళ్ళి సూపర్‌వైజరుతో పోట్లాడాను. రోలర్ల మీద మూత ఎందుకు లేదన్నాను, మనిషి ప్రాణమంటే లెక్కలేదా అన్నాను. తప్పు ఎవరి మీదో ఒకరి మీద పడితే బాగుండునని నా తాపత్రయం. పత్తి ఎత్తి పోస్తున్న ఒక పెద్దామె అంతా విని దగ్గరికొచ్చింది.

"కరెంటు పోయినప్పుడే కదమ్మా ఇరుక్కున్న పత్తి లాగేది. కరెంటు పోయినా రోలరు ఊరుకోదు, కాసేపు తిరగతానే ఉంటది. పైనంతా దూదేనాయె, కళ్ళకేం కనపడుద్ది? హోరు తగ్గి తగ్గి ఆగిందాకా చెవి పెట్టి, అప్పుడు చెయ్యి పెడతాం. మా అందరికన్నా ఆయన చెవే మంచిది."

కరెంటు పోయేదాకా అక్కడే కూర్చుని, రోలర్లు నెమ్మదించే హోరును రికార్డు చేసుకున్నాను. ల్యాబులో దాన్ని ఆయన యంత్రంలాంటి దానిలోంచి పంపి విన్నాను. రోలర్లు ఇంకా గట్టిగానే తిరుగుతున్నాయి. నా చెవిలో మాత్రం నిశ్శబ్దం. ఎన్నిసార్లు విన్నా నిశ్శబ్దమే. ఆయన చెవిటివాడిగానే ఉండివుంటే గేటు దగ్గరే ఉండేవాడు, వేళ్ళు ఉండేవి.

ఆ పద్ధతి మార్చాను. వచ్చినవాళ్ళను ఏ సద్దుతో పనో అడగందే ఇప్పుడు మేం యంత్రం ఆన్ చెయ్యం. అయినా ఇంట్లో ఫ్యాను కట్టేస్తే రెక్కలు పూర్తిగా ఆగేదాకా కదలలేను. మిక్సీ ఆగాక కూడా దానికి చెవి ఆనించి విన్నాకే మూత తీస్తాను. మా ఆయన విసుక్కుంటాడు, నేను అంతకన్నా గట్టిగా విసుక్కుంటాను.

మిల్లుకు వెళ్ళిన వారంలోనే ఆయన ఇంటికీ వెళ్ళాను. కట్టు కట్టిన చేయి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద ఉన్నాడు. యంత్రం చెవికే ఉంది. "తప్పు నాది బాబాయ్" అని అక్కడే కూలబడ్డాను.

ఆయన కంగారు పడ్డాడు. నన్ను ఓదార్చాలని మంచి మాట కోసం వెతుక్కున్నాడు.

"ఊరుకోమ్మా, నీ మిషనుకేం తక్కువ? ఆ హోరు ఇసుమంతన్నా రానియ్యలా. నా కేక మట్టుకు శుభ్రంగా వినపడింది."