ఘనీ సాబ్ రోజూ ముంచిన కవి

ఘనీ సాబ్ పక్కన కాసేపు కూర్చుంటే చాలు, ఐదారు వందల ఏళ్ల కింద స్కాట్లాండులో బతికిన ఒక కవి మీకు దగ్గరి చుట్టమైపోతాడు. ఆ కవి పేరు పలకడానికి ఆయనకు తప్ప ఎవరికీ నోరు తిరగదు. ఎల్లారెడ్డి కాలేజీలో ఆయన ఇంగ్లీషు చెప్పేవాడు. కామారెడ్డి బస్టాండులో ఆయన గొడుగు కనబడగానే, అదే కాలేజీలో తెలుగు చెప్పే రాజలింగుకు గుండె జారిపోయేది. ఇద్దరికీ రోజూ ఒకే బస్సు.

"పొద్దుగాల ఏం తిన్నరు సాబ్?" అని అడగడం కూడా ప్రమాదమే.

"ఉప్మా తిన్న. పాపం, మా కవి బతికినన్ని దినాలు జావనే తాగిండు."

అక్కణ్ణుంచి తాడ్వాయి దాకా కవిగారి బాల్యం. తాడ్వాయి దాటితే ఆయన పద్యాలు: చలిగాలి మీద కొన్ని, గొర్రెల మీద కొన్ని, చావుభయం మీద లెక్కలేనన్ని. ఎల్లారెడ్డి పొలిమేరల్లో కవి ఓడెక్కి, తుఫానులో మునిగి చనిపోయేవాడు. ఆదివారం తప్ప రోజూ చనిపోయేవాడు.

"ఒక్కదినమన్న ఒడ్డుకెయ్యరాదు సాబ్," అన్నాడు విసుగెత్తిన రాజలింగు.

ఘనీ సాబ్ ముఖం పాలిపోయింది. "అది చరిత్ర, రాజలింగన్నా. దాన్ని మారిస్తే రేపు ఆయన మొఖం ఎట్ల చూస్త?"

ఎనభై మూడు వానాకాలంలో ఒక పొద్దున, తాడ్వాయి దాటాక పొంగిన వాగు మధ్యలో బస్సు ఆగిపోయింది. ఇంజను మళ్లీ పలకలేదు. ఎర్రనీళ్లు మెట్లెక్కి లోపలికి వచ్చాయి. "ఎవ్వరు దిగకుండ్రి, కొట్టుకపోతరు. ట్రాక్టరు తెస్తున్నరట," అన్నాడు డ్రైవరు. ఆ గొంతులోని వణుకు విని, ఉన్న కాస్త ధైర్యమూ అందరికీ పోయింది. రాజలింగు ముందు సీటు కమ్మిని రెండు చేతులా పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

బీడీలు చుట్టే సాలవ్వ ఆకుల కట్ట చంకన పెట్టుకుని లేచింది. "నేను దిగుత. నా బిడ్డ తానికి పోవాలె." ఆమె తలుపు వైపు నడిచింది. వెనక ఇంకో నలుగురు లేచారు. కాలు బయట పెడితే వాగు పాలే.

ఘనీ సాబ్ లేచి దారికి అడ్డం నిలబడ్డాడు.

"కూసో అవ్వా. నీకొక పిలగాని ముచ్చట చెప్త."

రాజలింగు కళ్లు తెరిచాడు. ఆ ముచ్చట ఎక్కడ తేలుతుందో ఆయనకు తెలుసు. ఘనీ సాబ్ చొక్కా పట్టి లాగాడు. "ఇయ్యాల వద్దు సాబ్. కాళ్లు మొక్కుత."

ఘనీ సాబ్ వినలేదు. రాజలింగు మళ్లీ కళ్లు మూసుకున్నాడు. జావ అయింది, గొర్రెలు అయ్యాయి. "తల్లి లేదా పిలగానికి?" అంటూ సాలవ్వ కూర్చుంది. వెనకవాళ్లూ కూర్చున్నారు. నీళ్లు చెప్పులు దాటి మడమలకొచ్చాయి. కవి ఓడెక్కాడు. తుఫాను మొదలైంది. బస్సు ఒక పక్కకు ఒరిగింది.

"మరి బతికిండా?" అంది సాలవ్వ.

బస్సంతా ఘనీ సాబ్ నోటివైపే చూస్తోంది.

"బతికిండు అవ్వా. అల వచ్చి మెల్లగ ఒడ్డుకేసింది."

రాజలింగు కళ్లు తెరిచాడు. ఘనీ సాబ్ రుమాలుతో నుదురు తుడుచుకుంటున్నాడు.

"పెండ్లయిందా మరి?"

"అయింది."

"పిల్ల ఎవ్వరు?"

ఘనీ సాబ్ దిక్కుతోచక రాజలింగు వైపు చూశాడు. ఆయన చదివిన ఏ పుస్తకంలోనూ ఆ పిల్ల లేదు.

"మేనమామ బిడ్డ," అన్నాడు రాజలింగు.

ట్రాక్టరు వచ్చి మోకు కట్టి బస్సును ఒడ్డుకు లాగేదాకా ఇద్దరూ కలిసి కవిగారి కాపురం నడిపించారు. ఒడ్డెక్కాక కూడా సాలవ్వ వదల్లేదు. ఎల్లారెడ్డి చేరేసరికి కవికి ముగ్గురు పిల్లలు, నడిపివాడికి కోరింతదగ్గు.

దిగుతూ సాలవ్వ ఘనీ సాబ్‌కు చెప్పింది: "ముగ్గురు పిల్లలాయె. ఇగ పద్యాలు బందువెట్టి ఏదన్న పని చూసుకొమ్మను సారూ."

"చెప్త అవ్వా," అన్నాడు ఘనీ సాబ్.